పొలిమేర దాటించిన కోడి

కోళ్ళ పెంపకం గురించి నన్ను అడగడానికి ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. మా ఎర్రమిట్టలోనూ చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలోనూ పంకజాక్షి చేయి పడితే కోడి బతుకుతుందని ఒక పేరుంది. ఆ పేరు నేను కష్టపడి తెచ్చుకున్నదే, కాదనను. దాంతోపాటు పొగరూ తెచ్చుకున్నాను. ఎవరింట్లోనైనా కోడిపిల్లలు చచ్చిపోయాయంటే పలకరించడానికని వెళ్ళి తిట్టి వచ్చేదాన్ని. "నీళ్ళ మూకుడు కడిగినావా? గూడు ఊడ్చినావా? కోడికి నోరు లేదు, నీకు కండ్లు కూడా లేవా?" అని అడిగేసరికి వాళ్ళు తలవంచుకునేవాళ్ళు. అది నాకు బాగుండేది.

ఇప్పుడు ఎవరైనా అడిగితే రెండు ముక్కలు చెప్పి పంపేస్తాను. బూడిద పోయండి, నీళ్ళు మార్చండి, పోయి రండి అంటాను. ఈ మనిషికి తలకెక్కిందని వాళ్ళు అనుకుంటారు. అనుకోనీ.

నా చెల్లెలు తాయమ్మ నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్నది. చింతమాకులపల్లెలో ఇచ్చాం. మా ఊరికి తూర్పున, పొలిమేర రాయి దాటితే మైలున్నర. దాని మొగుడు కుప్పయ్య నగరిలో మరమగ్గాల మీద పని చేసేవాడు. రోజూ పొద్దున ఆరింటికి సైకిల్ మీద మా వీధిలోంచే పోయి తారురోడ్డు ఎక్కేవాడు. తాయికి ఒక్కతే కూతురు, ధరణి. తొంభై ఆరులో, వానల కాలంలో, మూడు రోజుల జ్వరంతో పోయింది. నాలుగేళ్ళ పిల్ల.

ఆ తర్వాత తాయి గోడవైపు తిరిగి పడుకుంది. నెలలు గడిచినా లేవలేదు. పెడితే రెండు ముద్దలు తినేది, లేకపోతే లేదు. తల దువ్వుకోదు, వాకిలి ఊడ్వదు, ఎవరు పలకరించినా పలకదు. నేను వెళ్ళి బతిమాలాను, తిట్టాను, పక్కన కూర్చుని ఏడ్చాను కూడా. దేనికీ కదల్లేదు. అప్పుడప్పుడు ఒక మాట మాత్రం అనేది. "నా చేయి మంచిది కాదక్కా. మందు నేనే తాపినా. నా చేత్తోనే తాపినా."

మాఘమాసంలో నా బోడిమెడ కోడి పొదుగుకు వచ్చింది. మెడ మీద ఒక్క ఈక కూడా ఉండదు దానికి, ఎర్రటి తోలు తప్ప. చూసేవాళ్ళు మొహం తిప్పుకుంటారు గానీ పిల్లల్ని సాకడంలో దాన్ని మించిన కోడి నా ఇంట్లో పుట్టలేదు. నాకు ఏం తోచిందో ఏమో, గంపలో ఇసుక పోసి, పదకొండు గుడ్లు గుడ్డలో చుట్టుకుని, కోడిని చంకలో పెట్టుకుని చింతమాకులపల్లెకు నడిచాను. కుప్పయ్య చూసి, "మనుషులు సెప్తే లెయ్యంది కోడి సెప్తే లేస్తాదా వొదినా?" అన్నాడు. వెటకారం కాదు, పాపం, నీరసం.

తాయి పడుకున్న మూలలోనే, దాని తలకు జానెడు దూరంలో గంప పెట్టాను. గుడ్లు పేర్చి, ఉరుములకు చెడిపోకుండా ఇసుకలో ఒక ఇనుపమేకు గుచ్చి, కోడిని కూర్చోబెట్టాను.

"ఏమ్మే తాయీ, ఇను. దినానికి ఒకసారి ఇది దిగతాది. దిగినప్పుడు గింజలూ నీళ్ళూ పెట్టల్ల. అరగంటలో ఎక్కకపోతే నువ్వే పట్టుకోని కూర్సోబెట్టల్ల. గుడ్లు సల్లారినాయంటే లోపల పిల్లలు సచ్చిపోతాయి" అన్నాను.

ఆఖరి మాట కావాలనే అన్నాను. అనేసి, వెనక్కి చూడకుండా వచ్చేశాను. దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. గుడ్లు చల్లారితే అదింకా ఏమైపోతుందో అని ఆ రాత్రి ముద్ద దిగలేదు.

ఇరవై ఒకటో రోజు పొద్దున మా గుమ్మం ముందు కుప్పయ్య సైకిల్ బెల్లు అదేపనిగా మోగింది. "వొదినా, తొమ్మిది పిల్లలు! నీ సెల్లెలు తల దువ్వుకునింది" అన్నాడు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఇంక అక్కడి నుంచి వారానికి రెండుసార్లు వెళ్ళి నాకు తెలిసిందంతా దానికి నేర్పాను. నీళ్ళ మూకుట్లో ఒక రాయి వేసి పెడితే పిల్లలు మునిగిపోవు. పొద్దున ఎండ పడ్డాకే గూడు తెరవాలి, తడి నేల మీద వదిలితే జలుబు చేస్తుంది. గూటి తలుపుకు తాడు కాదు, కమ్మీ చుట్టాలి. తాడైతే ముంగిస కొరికేస్తుంది. మూలన ఒక గుంత తీసి, పొయ్యి బూడిదలో ఎండిన వేపాకు నలిపి పోస్తే కోళ్ళు వాటంతటవే పొర్లి పేలు దులుపుకుంటాయి. గద్దకు దొరక్కుండా పిల్లలకు రంగు పూయాలి. తాయి ధరణి గౌనుకని కొనిపెట్టుకున్న గులాబిరంగు పొడి తీసి వాటికి పూసింది.

దానికి అన్నిటికన్నా నచ్చింది చెదల కుండ. పాత కుండలో పేడా గడ్డీ కూరి, కొంచెం తడిపి, పుట్ట పక్కన బోర్లించి వస్తే తెల్లారేసరికి దాన్నిండా చెదపురుగులు. పిల్లలకు అంతకన్నా బలమైన తిండి లేదు. దాని ఊరి దగ్గర మంచి పుట్టలు మా పొలిమేర రాయి పక్కనే ఉన్నాయి. గడప దాటని మనిషి రోజూ పొద్దున్నే కుండ నెత్తిన పెట్టుకుని అంతదూరం నడిచి వచ్చేది. కోళ్ళతో మాట్లాడేది. వాటి మీద చాడీలు నాకు చెప్పేది. "ఆ నల్లది ఉండాదే, దానికి శానా టెక్కు అక్కా, అచ్చం నీ మాదిరే" అని ఒకరోజు పకపకా నవ్వింది. ధరణి పోయాక అది నవ్వగా వినడం అదే మొదలు.

పిల్లలు తల్లిని వదిలాక నా బోడిమెడను నేను తెచ్చేసుకున్నాను. మరుసటి ఎండాకాలానికి తాయి దగ్గర పదిహేడు కోళ్ళు. అన్నీ దాని సంతానమే.

ఆ చైత్రంలో పశువుల ఆస్పత్రి నుంచి జయరావు అనే కాంపౌండర్ ఫ్లాస్కులో ఐసుముక్కలేసుకుని టీకాలు తెచ్చాడు. ఒక బుడ్డి విప్పితే వంద కోళ్ళకు అదే పూట వేసేయాలట, మిగిలితే పారబోయాలట. ఊరంతా కలిస్తే గానీ వంద కావు. గంగమ్మ జాతరకు మొక్కుకున్న కోళ్ళను సూదితో పొడవకూడదని సగం మంది ఇవ్వలేదు. నేనైతే నవ్వాను. "మా కోళ్ళకు నీ సూదులెందుకబ్బా, నా చేయి సాలదా?" అన్నాను. అతను ముఖం చిన్నబుచ్చుకుని, "సరేమ్మా, కొత్త కోడి ఏదన్నా ఇంటికొస్తే పద్నాలుగు దినాలు ఏరే గంప కింద పెట్టండి, ఆ ఒక్కటన్నా సెయ్యండి" అని చెప్పి పోయాడు. తాయికి వంద సంగతులు నేర్పిన దాన్ని, ఆ ఒక్కటి చెప్పలేదు. సర్కారు మనిషి నాకు చెప్పేదేమిటని.

వైశాఖంలో కొక్కెర తెగులు వచ్చింది. పడమటి మిట్టల వైపు ఊళ్ళలో మొదలై మా ఊళ్ళోకి దిగింది. అదీ నా ఇంట్లోనే దిగింది. నా కోళ్ళు పదహారు. ఒక పొద్దున రెండు కోళ్ళు రెక్కలు వేలాడేసి, పచ్చగా పారుతూ, నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. సాయంత్రానికి మెడలు మెలితిరిగి పోయాయి. మూడో నాటికి నాలుగిళ్ళలో ముప్పై కోళ్ళు. నేను ఎవరినైతే తిట్టానో వాళ్ళే వచ్చి నన్ను ఓదార్చారు. అంతకన్నా చావు మేలు.

ఇట్లాంటప్పుడు మా వైపు, తెగులుగా దిగింది గంగమ్మేనని, అమ్మను సాగనంపుతారు. తెగులు ముందు ఏ ఇంట్లో దిగిందో ఆ ఇంటివాళ్ళు ఒక కోడిని ఇవ్వాలి. దానికి జబ్బు తగిలి ఉండాలి, కానీ ఇంకా నిలబడగలిగి ఉండాలి. పసుపు పూసి, కుంకుమ పెట్టి, పలకలు కొడుతూ పొలిమేర దాటించి వదిలేసి రావాలి. తొమ్మిది రోజులు ఊరివాళ్ళు తెగులు సంగతీ సాగనంపిన సంగతీ పొరుగూరి మనిషితో అనకూడదు, పొరుగూరికి పోకూడదు. నోరు జారితే అమ్మ వెనక్కి తిరుగుతుంది. మా ఊళ్ళో ఇది చివరిసారి జరిగినప్పటికి తాయి ఇంకా పుట్టలేదు.

గంగమ్మ రాయికి పూజ చేసే చెంగయ్య మా ఇంటికి వచ్చాడు. నా బోడిమెడ అప్పటికి ఒక రెక్క జార్చింది, అంతే. మిగిలినవాటిలో ఒకటి పడిపోయింది, తక్కినవి బాగున్నాయి.

"ఇదే ఇవ్వల్ల పంకజా. యేరే దారి లేదు" అన్నాడు.

"యా పక్కకన్నా?" అని అడిగాను.

"పడమటి నించి వచ్చింది గదా. తూర్పుకే పంపల్ల."

"తూర్పున మా తాయి ఊరుండాదే."

"ఊరి దాకా యాడ పోతాది? పొలిమేర కాడ నక్కలుండాయి. తెల్లారే తలికి దాని ఈకలు గూడా ఉండవు."

నాకూ అట్లాగే నమ్మాలనిపించింది. నమ్మాను. నా చేతులతోనే దానికి పసుపు పూశాను. పలకల వెంట నేనూ నడిచాను. రాయి అవతల దాన్ని దించి, కాళ్ళకు నూలుదారం కట్టి, తిరిగి చూడకుండా వచ్చేశాం.

మూడో రోజు పొద్దున గుమ్మం ముందు బెల్లు మోగింది. కుప్పయ్య ఒక కాలు నేల మీద ఆనించి నవ్వుతున్నాడు.

"వొదినా, నీ బోడిమెడ పోయిందని యాడన్నా ఎతకతాండావా? మా ఇంట్లో బద్రంగా ఉండాది. మొన్న నీ సెల్లెలు సెదల కుండకు పోతే రాయి కాడ అగుపడిందంట, దారం తెంపుకోని. పసుపు సూసి, గంగమ్మకు మొక్కిన కోడి, అక్క ఎంత అల్లాడతాందో అని సంకన పెట్టుకోని వచ్చింది. అది ఒంటిగా బెదురుకుంటాదని దాని పిల్లల నడమనే పెట్టింది. రేపు సైకిల్ మీద తెచ్చియ్యమంటావా?"

జయరావు చెప్పిన పద్నాలుగు రోజుల మాట అప్పుడు గుర్తొచ్చింది. ఒక్క మాట చాలు. కుప్పయ్యా, వెనక్కి పో, దాన్ని వేరు చెయ్, చంపి పూడ్చు, మిగతావాటిని దూరంగా తీసుకుపో అంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. ఎదురుగా అరుగు మీద చెంగయ్య కూర్చుని నన్నే చూస్తున్నాడు. మాట్లాడితే అమ్మ తిరిగి వస్తుంది, నా ఇంటికే వస్తుంది. గూట్లో నా కోళ్ళు పన్నెండు మిగిలి ఉన్నాయి. ఆ క్షణంలో నేను వాటినే లెక్కేసుకున్నాను. ఇది దాచిపెట్టి లాభం లేదు.

"తేవద్దులే" అన్నాను. "ఆడనే ఉండనీ. జాతర నాటికి నేనే వచ్చి తీసుకుంటా."

"సరే వొదినా. తాయి సంబరపడతాది" అని తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

అయిదో రోజు అతను సైకిల్ దిగి లోపలికి వచ్చాడు. బోడిమెడ పోయిందట. "రాత్రంతా వొళ్ళో పెట్టుకోని నీళ్ళు సుక్క సుక్క తాపింది వొదినా. నువ్వే గదా సెప్పింది, కోడి తల వాల్సితే ఒదిలిపెట్టొద్దని. మొక్కుబడి కోడి నా చేతిలో పోయిందని ఒకటే ఏడుపు. బదులుగా దాని నల్లకోడిని నీకిస్తానంటాది. ఇంగో రెండు కోళ్ళు కండ్లు మూసుకోని నిలబడుండాయి. ఏం సెయ్యమంటావు?"

తెల్లగడ్డ, పసుపు నూరి ఉండలు చేసి ఇచ్చాను. కొక్కెర తెగులుకు అది పనిచేయదని నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. నాలుగు రోజులు ఆగితే గడువు తీరుతుంది, అప్పుడు పోయి చూసుకుందామని నాకు నేను చెప్పుకున్నాను.

ఏడో రోజు అతను బెల్లు కొట్టలేదు. తల వంచుకుని మా గుమ్మం దాటి పోయాడు. ఎనిమిదో రోజూ అంతే. తొమ్మిదో రోజు సైకిలే రాలేదు.

పదో రోజు ఎండ పడకముందే నేను చింతమాకులపల్లెలో ఉన్నాను. వాకిలి ఊడ్చి లేదు. గంపలన్నీ చూరు కింద ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్నాయి. బూడిద గుంతలో ఒక్క కాలి గుర్తు లేదు. పదిహేడింటినీ కుప్పయ్య చేను గట్టున పూడ్చిపెట్టాడట, నల్లదాంతో సహా.

తాయి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తల రేగిపోయి ఉంది. పక్కన కూర్చుని వీపు మీద చేయి వేశాను.

"నీ మొక్కుబడి కోడిని సంపేసినా అక్కా" అంది. "గంగమ్మకు కోపం రాదా మరి? అందుకే అన్నిటినీ తీసుకుపోయింది. సెప్పినా గదా, నా చేయి మంచిది కాదని. నా చేతిలో ఏదీ బతకదు."

గడువు తీరిపోయింది. ఇప్పుడు నోరు తెరవడానికి అడ్డం ఏమీ లేదు. అయినా తెరవలేదు. అప్పటిదాకా అమ్మ భయం అనుకున్నాను, అది కాదని ఆ పొద్దున తెలిసింది. నా చెల్లెలి ముందు నేనేమిటో బయటపడుతుందన్న సిగ్గు. ఇంత జావ కాచి తాగించి, తల దువ్వబోతే తోసేసింది. సాయంత్రానికి ఇంటికి వచ్చేశాను.

నా పన్నెండింటిలో ఏడు పోయాయి, అయిదు మిగిలాయి. సాగనంపడం బాగా జరిగిందని ఊరంతా అన్నారు. చెంగయ్యకు పంచె పెట్టారు. ఆ అయిదు కోళ్ళు వాకిట్లో తిరుగుతుంటే చూడలేకపోయేదాన్ని. గింజలు విసిరి లోపలికి వచ్చేసేదాన్ని.

శ్రావణంలో వాటిలో ఒకటి పొదిగింది. ఎనిమిది పిల్లలు. మూడు వారాలు నిండాక గంపలో పెట్టి, పైన గుడ్డ కట్టి తాయి దగ్గరికి తీసుకుపోయాను. ఒకసారి లేచింది, మళ్ళీ లేవదా అని ఆశ. ఈసారి జయరావును ఇంటికి పిలిపించి, మిగిలింది పారబోసినా సరేనని ముక్కులో టీకా చుక్కలు వేయించి మరీ తీసుకెళ్ళాను.

తాయి ఎముకల గూడైపోయి ఉంది. కుప్పయ్య నగరి పని మానేశాడు, వండి పెట్టే దిక్కు లేక. గంప దాని తల దగ్గర పెట్టాను. పిల్లలు కిచకిచమన్నాయి. తాయి కళ్ళు తెరిచి ఆ గంప వైపు చాలాసేపు చూసింది. చేయి చాపి, గంపను మెల్లగా నా వైపు నెట్టింది.

"తీసుకోని పో అక్కా. ఈటినన్నా బతకనీ."

అప్పుడు చెప్పేశాను. ఇక ఆపుకోలేకపోయాను. అది మొక్కుబడి కోడి కాదని, నా ఇంట్లోనే తెగులు దిగిందని, నా చేత్తోనే పసుపు పూసి దాని ఊరివైపు సాగనంపామని, మూడో రోజు కుప్పయ్య వచ్చి చెప్పినప్పుడు తెలిసి కూడా నోరు మూసుకున్నానని, నా కోళ్ళ కోసం దాని కోళ్ళను చావనిచ్చానని అన్నీ చెప్పాను. కాళ్ళు పట్టుకున్నాను. "నీ చేతిలో ఏ దోసమూ లేదు తాయీ. అంతా నేను సేసినదే. నన్ను తిట్టు, కొట్టు, ఇంగ నా మొకం సూడొద్దు. నువ్వు మాత్రం లెయ్."

గుమ్మంలో నిలబడ్డ కుప్పయ్య ముఖం చూస్తే అతను నమ్మాడని తెలిసింది. బయటికి వెళ్ళిపోయాడు.

తాయి మాత్రం నన్ను చూసి నవ్వింది. ఎండిపోయిన చేతితో నా చెంప తుడిచింది.

"నేను లెయ్యాలని ఎంత మాట నీ నెత్తిన ఏసుకుంటాండావే అక్కా" అంది. "నాకు తెలీదా నీ సంగతి. నువ్వట్ల సేసేదానివి కాదు."

ఒట్టు పెట్టాను. ధరణి మీద ఒట్టు పెట్టాను. అది అప్పటికే గోడవైపు తిరిగిపోయింది. ఎండ తగ్గేదాకా అక్కడే కూర్చుని, గంప నెత్తిన పెట్టుకుని ఇంటికి బయలుదేరాను.